అందుకునే లోపు

చలికాలం తెల్లవారుజామున, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని పామేడు అనే ఊళ్లో చప్పుడు చాలా దూరం పోతుంది. కోళ్లు కూసి ఊరుకున్నాక, ఇంకా పొయ్యిలు అంటుకోకముందు, ఎక్కడో ఒక ట్రాక్టరుకు సెల్ఫ్ కొడతారు. ఇంజన్ బరువుగా నాలుగు చుట్లు తిరిగి ఆగుతుంది. కాసేపు ఏ అలికిడీ ఉండదు. మళ్లీ సెల్ఫ్, మళ్లీ అదే ఖాళీ. ఆ ట్రాక్టరుతో ఏ పనీ లేనివాళ్లు కూడా ఆ ఖాళీలో దుప్పటి కింద చెవి ఒగ్గి ఉంటారేమో. చివరికి ఒక దగ్గు, ఇంత తెల్లటి పొగ, ఆ వెనకే డుగుడుగు. ఇంజన్ అందుకుంది.

అసలు స్టార్ట్ కాని బండి సంగతి సులువు. పని ఆగిపోతుంది కనుక దానికి ఆ రోజే వైద్యం జరుగుతుంది. లేటుగా స్టార్ట్ అయ్యే బండితోనే చిక్కు. ఎంత సతాయించినా చివరికి నడుస్తుంది. నడిచాక పొద్దున పడ్డ అవస్థ మరుపున పడుతుంది. మర్నాడు మళ్లీ అదే తంతు. అలా ఏళ్లు గడిచిపోతాయి. పూర్తిగా చెడనివాటినే మనిషి ఎక్కువకాలం మోస్తాడేమో.

బాగుచేసేవాళ్లలో నెమ్మదస్తులు కొందరుంటారు. స్టార్టింగ్ ట్రబుల్ అనగానే పానా అందుకోరు. తిరగడం లేటా, అందుకోవడం లేటా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు బండి యజమాని చాలాసార్లు తెల్లమొహం వేస్తాడు. రోజూ తన చెవిన పడే చప్పుడే. అయినా ఎప్పుడూ వినలేదు. పొద్దుపోతోందన్న విసుగు చెవులకు అడ్డం పడింది.

ఆ ఒక్క ప్రశ్నతో సగం దారి తేలుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఈడ్చుకుంటూ తిరిగితే లోపం కరెంటు వైపు ఉంటుంది. బ్యాటరీ, వైర్లు, ఎర్త్, సెల్ఫ్ మోటారు, కాదంటే చలికి చిక్కబడిన ఇంజనాయిల్. చురుగ్గా తిరుగుతూనే అందుకోకపోతే లోపం మంట వైపు ఉంటుంది. డీజిల్, గాలి, వేడి, కంప్రెషన్. బలం లేకపోవడం ఒకటి, బలం ఉండీ అంటుకోకపోవడం ఇంకొకటి. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకే ఆలస్యం.

పొద్దున లేవలేని మనిషినీ, లేచీ దేనికీ పూనుకోలేని మనిషినీ లోకం బద్ధకస్తుడనే అంటుంది. ఇద్దరికీ ఒకే మందు పనిచేస్తుందా? అసలు మందు అవసరమైంది ఇద్దరిలో ఎవరికో?

బరువుగా తిరిగే ఇంజన్ అనగానే అనుమానం బ్యాటరీ మీదికి పోతుంది. రాత్రంతా కదలకుండా ఉన్న నిండు బ్యాటరీకి మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 చూపిస్తే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ కొంత దిగడం మామూలే. 9.6 కన్నా కిందికి దిగితే మాత్రం దానికి వయసైపోయిందని అనుమానించాల్సిందే. చలి కూడా తన వాటా తాను తీసుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తాలో మూడో వంతు దాకా పోతుంది. పామేడులో నీళ్లు గడ్డకట్టేంత చలి రాదు కనుక నేరమంతా చలి నెత్తిన రుద్దడానికి ఇక్కడ వీల్లేదు.

దొంగ చాలాసార్లు వేరేచోట ఉంటాడు. బ్యాటరీ నుంచి వచ్చిన ఎర్త్ వైరును ఛాసిస్‌కు బిగించిన చోట ఒక బోల్టు ఉంటుంది. దాని మీద ఎన్నో వానాకాలాల బురద, ఆ పైన ఎప్పుడో వేసిన రంగు. పానాతో కదిపితే గట్టిగానే ఉంటుంది. విప్పితే వాషరు కింద తుప్పు పొడి రాలుతుంది. వైరు చివర రాగి పోగులు నల్లబడి ఉంటాయి. డీజిల్ ఇంజన్‌ను తిప్పే క్షణంలో సెల్ఫ్ మోటారు రెండు వందల ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడా బోల్టు దగ్గర ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా చాలు, రెండు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అదే వైరు మీద లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. వాటికి కావలసింది కొద్ది కరెంటే కనుక తుప్పు సంగతి వాటి దాకా రాదు. పెద్ద బరువు ఎత్తబోయినప్పుడే ఆ చిన్న అడ్డు బయటపడుతుంది.

దాన్ని పట్టుకునే పరీక్ష చాలా చిన్నది. మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద ఆనించి, సెల్ఫ్ కొట్టమంటారు. దారి శుభ్రంగా ఉంటే అంకె దాదాపు సున్నా దగ్గరే ఆగుతుంది. అర వోల్టు దాటిందంటే మధ్యలో ఎక్కడో కరెంటు ఇరుకున పడుతోంది. బలం ఎంత ఉందో ఈ పరీక్షకు పట్టదు. ఉన్న బలం ఎక్కడ ఖర్చవుతోందో మాత్రం చెబుతుంది.

ఇదేమీ చూడకుండా కొత్త బ్యాటరీ వేయించినా కొన్నాళ్లు బాగానే ఉంటుంది. కొత్త బలం తుప్పును దాటుకుని పోతుంది. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. వాషరు కింద తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

మనసు ఉదయాన్నే బరువుగా తిరిగే రోజుల్లో దానికి కొత్త ఉత్సాహం ఎక్కించడానికి ఎన్ని ఏర్పాట్లో. కొత్త ఊరు, కొత్త పుస్తకం, కొత్త తీర్మానం. బలం ఉండే ఉంటుంది. ఎప్పుడో ఆగిపోయిన ఒక మాట దగ్గరో, తీర్చకుండా ఉంచేసిన ఒక చిన్న బాకీ దగ్గరో అది హరించుకుపోతూ ఉండవచ్చు. ఆ చోటు వెతకడం కన్నా కొత్త బలం కొనుక్కోవడమే తేలికగా తోస్తుంది. వెతకాలంటే బురదలో కిందికి దూరాలి మరి.

ఇక చురుగ్గా తిరుగుతూ అందుకోని ఇంజన్. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని పదిహేడో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కితే, ఆ నొక్కుడికే అది ఐదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. రాత్రంతా చల్లబడ్డ ఇనుము ఆ వేడిని పీల్చుకుంటుంది. రింగులు అరిగితే ఆ పక్కనుంచి గాలి జారిపోతుంది. అంటుకోవడానికి కావలసినంత వేడి మిగలదు.

ఇక్కడ చూడవలసింది పొగ. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ కాలడం లేదు. పొగే లేకపోతే డీజిలే సరిగా చేరడం లేదు. లైనులో ఎయిర్ పట్టి ఉండవచ్చు. పాత రబ్బరు పైపుకు కంటికి ఆనని చీలిక ఉంటుంది. పగలు బండి నడుస్తున్నప్పుడు దాని ఆచూకీ తెలియదు. రాత్రి బండి ఆగాక ఆ చీలికలోంచి గాలి దూరుతుంది. పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారుతుంది. తెల్లారి సెల్ఫ్ కొట్టినంతసేపూ ఆ ఖాళీ నిండటానికే సరిపోతుంది. నిండగానే ఇంజన్ అందుకుంటుంది. ఇక సాయంత్రం దాకా ఏ పేచీ ఉండదు.

తెలిసినవాళ్లు ఫిల్టర్‌కు ముందు జానెడు, లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ ట్యూబు తగిలించి చూస్తారు. పొద్దున్నే అందులో బుడగలు కనిపిస్తాయి. మొదట ఒకటీ అరా, తర్వాత వరసగా, తర్వాత మళ్లీ పలచబడి, చివరికి ట్యూబంతా ఒకే రంగుగా నిండిపోతుంది. కంటికి ఆనని చీలిక రాత్రంతా చేసిన పని ఆ కొద్దిసేపట్లో కళ్లముందు నడిచిపోతుంది. ట్యూబు లేకపోతే సెల్ఫ్ కొట్టకముందే చేతిపంపు నొక్కి డీజిల్ నింపి చూస్తారు. అప్పుడు ఒక్క పట్టున అందుకుంటే చీలిక ఉన్నట్టే.

ఇంత దూరం వచ్చాక మొదటి ప్రశ్నే కొంచెం తడబడుతుంది. ఇంజన్ బరువుగా తిరిగితే గాలిని నొక్కడం కూడా నెమ్మదిస్తుంది. పుట్టిన వేడికి ఇనుములోకి జారిపోయే తీరిక దొరుకుతుంది. తిరగడంలోని ఆలస్యమే అందుకోవడంలోని ఆలస్యంగా మారుతుంది. విడివిడిగా పెట్టుకున్న రెండూ అడుగున ఎక్కడో ఒకటే. అంతమాత్రాన ఆ ప్రశ్న వృథా కాలేదు. అది లేకపోతే ఇక్కడిదాకా రావడం ఉండేదా?

కొన్ని డీజిల్ జీపుల్లో తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద చుట్టలు చుట్టిన తీగ బొమ్మ పసుపుగా వెలుగుతుంది. లోపల హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నాయని దాని అర్థం. కొద్ది సెకన్లకు ఆ దీపం ఆరిపోతుంది. సెల్ఫ్ కొట్టవలసింది అప్పుడు. 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్6 పొగ నిబంధనల ప్రకారం వస్తున్న బైకుల్లో చాలావాటికి కార్బరేటర్ లేదు, లాగడానికి చోక్ లేదు. తాళం తిప్పగానే ట్యాంకులోంచి సన్నగా గుయ్‌మని ఒక చప్పుడు వచ్చి ఆగుతుంది. అది పెట్రోలు పంపు సిద్ధమవుతున్న చప్పుడు. ఆ దీపం ఆరకముందే, ఆ చప్పుడు ఆగకముందే సెల్ఫ్ కొట్టి, బండి మొండికేసిందని తిట్టేవాళ్లున్నారు. ఆ ఆలస్యం బండిదేనా?

మార్చి నెలలో ఈ అడవుల్లో ఇప్పపూలు రాలతాయి. రాత్రి చివరి జామున మొదలై పొద్దెక్కేదాకా రాలుతూనే ఉంటాయి. చీకటితోనే బుట్టలు పట్టుకుని వెళ్లినవాళ్లు చెట్టు కింద కూర్చుని రాలినవి రాలినట్టే ఏరుకుంటారు. మధ్యలో కాసేపు ఏమీ రాలకపోతే మాట్లాడుకుంటారు, లేదా ఊరికే ఉంటారు. చెట్టు ఆలస్యం చేస్తోందని ఎవరూ అనరు.

నెమ్మదిలో కొంత జబ్బు, కొంత స్వభావం. హీటర్ ప్లగ్గు వేడెక్కే వ్యవధి ఇంజన్ స్వభావం, ఎర్త్ బోల్టు కింది తుప్పు జబ్బు. స్వభావానికి వైద్యం చేయబోయి పాడుచేసుకున్నవీ ఉంటాయి, జబ్బును స్వభావమని వదిలేసి పోగొట్టుకున్నవీ ఉంటాయి. రెంటినీ విడదీసే గీత బయటికి కనిపించదు. కాస్త దగ్గరగా చూడటం తప్ప వేరే దారి ఉన్నట్టు తోచదు.

దగ్గరగా చూడటానికీ ఒక వేళ ఉంటుంది. పొద్దున్నే సతాయించిన బండి పామేడు నుంచి, సరిహద్దు అవతల తెలంగాణలో ఉన్న చర్లలోని షెడ్డుకు చేరేసరికి బాగా వేడెక్కి ఉంటుంది. మేస్త్రి సెల్ఫ్ కొడితే అర చుట్టులో అందుకుంటుంది, డాక్టరు గుమ్మం ఎక్కేసరికి జ్వరం దిగినట్టు. ఓపిక ఉన్న మేస్త్రి అయితే బండిని ఆ రాత్రికి అక్కడే ఉంచమంటాడు. పిల్లలెవరూ ముందే స్టార్ట్ చేయకుండా తాళం జేబులో వేసుకుని ఇంటికి పోతాడు. తెల్లారి వచ్చి ముందు బానెట్ ఎత్తి ఇంజన్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. చల్లగా ఉందని రూఢి చేసుకున్నాకే తాళం తిప్పుతాడు.

వేడి మీద సతాయించేవి ఇంకొన్ని. పొద్దున హాయిగా స్టార్ట్ అయి, మధ్యాహ్నం ఎక్కడో టీ కోసం ఆపితే ఇక అందుకోవు. వాటిలో డీజిల్ పంపు అరిగి ఉండవచ్చు. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. పాతకాలం మేస్త్రులు పంపు మీద చన్నీళ్లు పోసి చూస్తారు. చల్లబడగానే అందుకుంటే జబ్బు అక్కడే ఉంది. దేని అసలు స్థితి దాని వేళకే కనిపిస్తుందన్న మాట. మనుషుల్ని బాగున్నారా అని అడిగేది ఎక్కువగా మధ్యాహ్నం, నలుగురిలో. బాగున్నామనే అంటారు. తెల్లవారుజామున ఎవరి ఇంజన్ ఎలా తిరుగుతుందో ఎవరికి తెలుసు?

డీజిల్ ఇంజన్ పుట్టుక కూడా లేటుగానే జరిగింది. రుడాల్ఫ్ డీజిల్ తన మొదటి ఇంజన్‌ను 1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించాడు. బయటినుంచి బెల్టుతో తిప్పితే తిరిగింది గానీ తన బలంతో నడవలేదు. మార్పులు చేశాక, 1894 ఫిబ్రవరి 17న, అలా తిప్పుతుండగానే బెల్టు లాగుడు మారిందని అక్కడి మెకానిక్ ఒకతను గమనించాడు. అంతవరకు బెల్టు ఇంజన్‌ను లాగుతోంది, ఇప్పుడు ఇంజనే బెల్టును లాగుతోంది. అతను ఏమీ మాట్లాడకుండా తలమీది టోపీ తీశాడని చెబుతారు. ఇంజన్ నడిచింది ఒక్క నిమిషం. పనికివచ్చే ఇంజన్ తయారవడానికి 1897 వచ్చింది. అన్నేళ్ల పనిలో ఇంజన్ అందుకున్న క్షణాన్ని ముందుగా పోల్చుకున్నది బెల్టు మీద చూపు నిలిపిన మనిషి.

పామేడుకు దారి కూడా అలాగే లేటుగా అందింది. ఊరు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకు. ఆ జిల్లా 2007లో ఏర్పడింది. అయినా జిల్లా కేంద్రం నుంచి నేరుగా రావడానికి చాలా ఏళ్లు సరైన దారి లేదు. తెలంగాణలోకి దిగి, చర్ల మీదుగా చుట్టి రావలసి వచ్చేది. సంత సరుకులకైనా బండి సామానుకైనా ఊరివాళ్లకు చర్లే దిక్కు. బాసగూడ, తర్రెం వైపు నుంచి నేరుగా దారి పడింది ఈమధ్యనే.

ఇలాంటి ఊళ్లను వెనకబడ్డ ఊళ్లు అనేస్తారు. ఆ మాట అనేముందు ఎవరైనా, తిరగడం లేటా, అందుకోవడం లేటా అన్న మేస్త్రి ప్రశ్న అడిగారా అనిపిస్తుంది. చీకటితో లేచి పూలేరుకుని, పొలం చూసుకుని, చర్ల సంతకు నడిచి వెళ్లి వచ్చే జనంలో బలం లేదంటే నమ్మడం కష్టం. ఆ బలం హరించుకుపోయే చోటు ఏదో దారిలోనే ఉండి ఉండాలి. లేదా, బయటివాళ్లు ఆలస్యమంటున్నదాంట్లో కొంత ఈ ఊరి స్వభావమే కావచ్చు. ఎంత జబ్బో ఎంత స్వభావమో చెప్పగలిగినవాళ్లు ఇక్కడ పొద్దున్నే లేచేవాళ్లే.

సెల్ఫ్ సరిగా పనిచేయని జీపును కొందరు డ్రైవర్లు ప్రతి రాత్రీ మిట్ట మీదే ఆపుతారు. పొద్దున బ్రేకు వదిలి, బండి నాలుగు గజాలు జారాక సెకండ్ గేరులో క్లచ్ వదిలితే ఒక కుదుపుతో అందుకుంటుంది. చూడముచ్చటైన నేర్పు. బ్యాటరీ గురించి, సెల్ఫ్ గురించి అలాంటి డ్రైవరుకు ఏ చింతా లేదు. ఉన్నదాంతో సరిపెట్టుకున్నాడు కదా, తృప్తి అంటే ఇదేనేమో అనిపిస్తుంది. అయితే బండి ఎక్కడ ఆపాలో, ఎవరింటి ముందు ఆపకూడదో, ఏ ఊరికి రానని చెప్పాలో అన్నీ ఆ మిట్టే తేలుస్తోంది. చుట్టుదారి కూడా అంతే. అలవాటైపోయాక అది చుట్టు అని తోచదు, దారే అనిపిస్తుంది.

తృప్తికీ అలవాటుకీ పైకి పోలికలు ఎక్కువ. రెండూ సణగవు, రెండూ నిదానంగా ఉంటాయి, రెండిటి ముఖమూ ప్రశాంతంగానే ఉంటుంది. బోల్టు విప్పి చూసి, ఇప్పటికి ఇలా నడవనిద్దామని మిట్ట మీద ఆపుకునే మనిషీ, ఎన్నడూ విప్పి చూడని మనిషీ పక్కపక్కనే బండ్లు పెట్టుకుని పడుకుంటారు. మొదటివాడిది తృప్తి కావచ్చు. రెండోవాడిది ఏమిటో వాడికైనా తెలుసా? లోపల ఏముందో చూశాక కూడా నిలిచేదే తృప్తి అయితే, చూడటానికి భయపడటంలో అర్థం లేదు. చూస్తే పోయేది ఎలాగూ తృప్తి కాదు.

బోల్టు విప్పడానికి ఒక పానా, తుప్పు గీకడానికి ఇంత గరుకు కాగితం, ఒక పావుగంట. దానికి ఇంతకన్నా ఖర్చు లేదు.